చెప్పి వెళ్ళడం

మా మేనల్లుడు మారతహళ్ళిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాడు. ఉండేది మా ఇంటికి రెండు వీధుల అవతల, మన ఆంధ్రా వాళ్ళు నడిపే పీజీలో. మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మామా, శుక్రవారం తెల్లారుజామున బండి మీద వైజాగు పోతాండా. అమ్మకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

బండి అంటే మామూలు బండి కాదు. స్పోర్ట్స్ బైకు. మన హోసూరులో టీవీఎస్ వాళ్ళు తయారుచేసే అపాచీ ఆర్ఆర్ 310. 2017 చివర్లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. ఇంజను 312 సీసీలు. ఎక్కి కూర్చుంటే నడుము దానంతటదే ముందుకు వంగుతుంది, బరువంతా మణికట్ల మీద పడుతుంది. దూరప్రయాణానికి చేసిన ఆసనం కాదది, వేగానికి చేసిన ఆసనం. వైజాగు ఇక్కడికి సుమారు 1000 కిలోమీటర్లు.

దారి కూడా చెప్పాడు. పాత మద్రాసు రోడ్డు పట్టుకుని హోస్కోట, కోలారు, ముళబాగిలు, నంగలి. అక్కడ సరిహద్దు. (బోర్డుల మీద లిపి మారుతుంది గానీ టీ కొట్టు దగ్గర మాట మారదు. అటూ తెలుగే, ఇటూ తెలుగే.) తర్వాత పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇక నేరుగా నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి.

మా అక్క ఉండేది పలమనేరులో. అంటే వీడు కన్నతల్లి ఉన్న ఊరి మీదుగా, హెల్మెట్ అద్దం దించుకుని, ఆమె వాకిట్లో ముగ్గు వేయకముందే దాటిపోతాడన్నమాట.

"ఎందుకు చెప్పగూడదురా?" అన్నాను.

"చెప్తే నేను తిరిగొచ్చేదాకా నిద్రపోదు మామా. వచ్చినాక ఫొటోలు చూపిస్తాలే."

ఈ మాటలో ప్రేమ లేదని ఎవరనగలరు? నేను వెంటనే కాదనలేకపోయాను. కాదనడానికి నాకున్న అర్హత కూడా తక్కువే. 1984లో, హెచ్ఏఎల్‌లో కొత్తగా చేరిన రోజుల్లో, నేనూ ఇదే పని చేశాను. అప్పట్లో మారతహళ్ళి ఊరే. పొలాలుండేవి, రాత్రయితే కప్పలు అరిచేవి. మిత్రుడి యెజ్డీ అడిగి తీసుకుని, ఇంట్లో నైట్ షిఫ్టని చెప్పి, తిరుపతి పోయాను. మొగిలి ఘాటు దిగేటప్పుడు మిణుగురు పురుగులాంటి హెడ్‌లైటు కాస్తా ఆరిపోయింది. ముందు పోతున్న లారీ వెనక దీపాన్ని పట్టుకుని కొండ దిగాను. ఆ అరగంటలో నాకు కలిగింది భయమా, ఆనందమా అని అడిగితే ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

మూడేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఆ మిత్రుడే నోరు జారాడు. మా నాయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆకు ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కొచ్చి, "ఆ రోజు రాత్రి నేను బాగా నిద్రపోయింటాను కదరా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ ప్రస్తావన ఆయన ఎప్పుడూ తేలేదు.

ఆ మాట నాకు చాలా కాలం అర్థం కాలేదు. నిద్రపోతే మంచిదే కదా, నేను కోరుకున్నదీ అదే కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, కొడుకు చీకట్లో కొండ దిగుతున్న రాత్రి మెలకువగా ఉండడం ఆయన తన హక్కుగా భావించాడు. నేను ఆయన్ని అడక్కుండా ఆ హక్కు తీసేసుకుని, దానికి బదులుగా ఒక అబద్ధపు నిద్ర ఇచ్చాను. దిగులు కూడా ఒక భాగస్వామ్యమే. మనం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "పోతాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. ఆ మాట వినడానికి ఒక మనిషి ఉండాలి. గోడకు చెప్పే మాట కాదది.

అయితే దీనికి ఎదురు వాదం లేకపోలేదు. చెప్పడమంటే అనుమతి అడగడమేనా? పాతికేళ్ళు దాటినవాడు, సంపాదించుకుంటున్నవాడు, తన బతుకును ఏ ఆనందానికి పణంగా పెట్టాలో తానే తేల్చుకోవాలి గదా. తల్లి దిగులు ప్రేమే గానీ, ఆ దిగులే పగ్గమైతే ఏ పిల్లవాడూ పలమనేరు దాటడు. మారతహళ్ళిలో ఇన్ని పీజీలూ వెలిసేవి కావు, మనమూ ఇక్కడ ఉండేవాళ్ళం కాము. అందుచేత తల్లికి తెలుసుకునే హక్కు ఉందంటాను, ఆపే హక్కు ఉందనను. ఈ రెంటికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. నిజమే. ఆమె ఏడిస్తే ఆగిపోతాడేమో. ఆ ఏడుపుకు ఎదురు నిలబడగలిగితే పోవాలి, లేకపోతే మానుకోవాలి. తప్పించుకుని పోవడం మాత్రం పెద్దవాడైన మనిషి చేసే పని కాదు.

ఇంతవరకు వాడితో వాదించగలిగాను. వాడు అసలు మాట అప్పుడన్నాడు: "పోతే నా ప్రాణమే కదా మామా."

ఇక్కడే నాకు పేచీ. తెల్లవారుజామున కోలారు, ముళబాగిలు మధ్య ఆ రోడ్డు మీద ఎవరుంటారో వాడికి తెలియదు, నాకు తెలుసు. డెయిరీలో పాలు పోయడానికి క్యాను పట్టుకుని రోడ్డు దాటే ఆడవాళ్ళుంటారు. టమోటా బుట్టలు నింపుకున్న టెంపోలు వెనక దీపాల్లేకుండా పక్క దారిలోంచి ఎక్కుతుంటాయి. డివైడరు సందులోంచి గొర్రెలు తోలుకొచ్చే ముసలివాడుంటాడు. వీళ్ళెవరూ వీడి ఆనందంలో పాలు పంచుకోవడం లేదు. అపాయంలో మాత్రం వాటాదారులు. వీళ్ళనెవరు అడిగారు?

లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి. ఇ. లారెన్స్‌కు మోటారు సైకిలంటే ప్రాణం. 1935 మే నెలలో ఇంగ్లండులో తన ఇంటి దగ్గరి రోడ్డు మీద, సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. ఆరు రోజులకు చనిపోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ తర్వాత మోటారు సైకిలు ప్రమాదాల్లో తలకు తగిలే దెబ్బల మీద పరిశోధన చేసి 1941లో వ్యాసం ప్రచురించాడు. హెల్మెట్టు వాడకం వ్యాపించడానికి ఆ కృషి ఒక కారణం. ఈ కథ చెప్పినవాళ్ళంతా హెల్మెట్టు దగ్గర ఆపుతారు. నాకు మాత్రం ఆ సైకిలు కుర్రాళ్ళే గుర్తొస్తారు. హెల్మెట్టు నడిపేవాడి తలను కాపాడుతుంది. ఎదుటివాణ్ణి కాపాడేది వేగం ఒక్కటే, అదీ తగ్గితేనే.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. 2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు వరసల రోడ్ల మీద మోటారు సైకిలుకు గంటకు 80 కిలోమీటర్ల గరిష్ఠ వేగం నిర్ణయించింది. ఎనభైలో పోతే సెకనుకు 22 మీటర్లు, నూటనలభైలో పోతే దాదాపు 39 మీటర్లు. వేగం రెట్టింపు కూడా కాలేదు, గుద్దుకునే శక్తి మాత్రం మూడింతలవుతుంది. ఆ ఎనభై అంకెను వాడు పోలీసుల చలానాగా చూస్తాడు. నేనలా చూడలేను. పాల క్యాను పట్టుకున్న ఆమెను మనం ఒక్కొక్కరం వెళ్ళి అడగలేం కాబట్టి, అందరి తరఫునా ఆమెతో చేసుకున్న ఒప్పందం అది. ఆమె ఇచ్చిన అనుమతి అంతవరకే.

"ఎనభైలో పోవాలంటే ఈ బండి ఎందుకు మామా?" అన్నాడు వాడు నవ్వుతూ. న్యాయమైన ప్రశ్నే. బండి చేసినవాళ్ళూ, కొన్నవాళ్ళూ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న. రేసులకు మద్రాసు దగ్గర ట్రాకు ఉంది, పోయి తోలుకోరా అన్నాను. అక్కడ అడ్డొచ్చేవాడు కూడా తెలిసి వచ్చినవాడే.

చివరికి నేను చెప్పింది ఇంతే. "నేనుగా మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పను. ఆమె అడిగితే అబద్ధమాడను." ఇది ధర్మమో పిరికితనమో నాకూ నిశ్చయంగా తెలియదు. నేను మా అక్క తమ్ముణ్ణి కూడా. వాడి రహస్యం మోసినంతసేపూ ఆమెకు నేనూ ఆ అబద్ధపు నిద్రే ఇస్తున్నాను.

శుక్రవారం నాలుగు గంటలకు ఆ బండి చప్పుడు రింగు రోడ్డు వైపు పోవడం పడక మీద నుంచే విన్నాను. తర్వాత నిద్ర పట్టలేదు. ఏడు కావస్తుండగా ఫోను మోగింది. అక్క.

"మీ మేనల్లుడు వచ్చినాడు. వైజాగు పోతాడంట."

"ఊఁ."

"నీకు ముందే తెలుసునా?"

"తెలుసు అక్కా."

అవతల కొంతసేపు మాట లేదు. పెనం మీద చుయ్యిమన్న చప్పుడు మాత్రం వినిపించింది.

"సరే, వాడికి ఇంకో దోసె కావాలంట" అని ఫోను పెట్టేసింది.