తొలి తప్పు మాయునా?

మనుష్యుడు యౌవనమున తెలివిమాలి చేసిన ఒక చిన్న తప్పు వానిని జీవితాంతము వెంటాడవలెనా? ధర్మవిచారము చేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని నేడది మన యిండ్ల గుమ్మమునకే వచ్చి నిలిచినది.

మన్యపు కొండలలో పండిన గంజాయి కోనసీమ కొబ్బరితోటలదాక వచ్చుచున్నది. అల్లవరమునందలి ఒక కుఱ్ఱవాడు పదిగ్రాముల పొట్లముతో పట్టుబడెననుకొందము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ఒక కిలోవఱకు గంజాయి ‘స్వల్ప పరిమాణము’. దానికి ఏడాదివఱకు కఠిన కారాగారముగాని, పదివేల రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అంతట బంధువులు, “ఒప్పుకొని జరిమానా కట్టివేయుము, పీడ వదలును” అందురు. ఈ హితవు ప్రమాదకరము. ఒప్పుకొని జరిమానా కట్టుట కూడ నేరనిర్ధారణయే. కట్టిన పైకము మఱపునకు వచ్చును గాని, ఆ తీర్పు ఉద్యోగ సమయమున మరల ఎదురగును. కావున మొదట న్యాయవాదిని సంప్రదింపవలెను. స్తోమతు లేనివారు న్యాయసేవా సంస్థను ఆశ్రయింపవచ్చును.

చట్టము కఠినమైనను దయాశూన్యము కాదు. వ్యసనమునకు లోబడినవాడు స్వల్ప పరిమాణపు కేసులో స్వయముగా చికిత్సకు ముందుకు వచ్చి దానిని పూర్తిచేసినచో, 64ఎ సెక్షను వానికి విచారణనుండి రక్షణ నొసగుచున్నది. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ తొలగింపబడవచ్చును. నేరము రుజువైన పిమ్మటకూడ, 39వ సెక్షను క్రింద న్యాయస్థానము వానిని శిక్షింపక, వాని సమ్మతితో, పూచీకత్తుపై చికిత్సకు పంపవచ్చును. సేవించిన నేరమునకు 1958 నాటి ప్రొబేషను చట్టము కూడ వర్తించును. దాని 3, 4 సెక్షనుల క్రింద విడువబడినవానికి నేరనిర్ధారణవలన కలుగు అనర్హత అంటదని 12వ సెక్షను చెప్పుచున్నది. కేవలము దగ్గర ఉంచుకొనిన నేరమునకు మాత్రము, పదునెనిమిదేండ్లు నిండినవారికి ఈ ప్రొబేషను సదుపాయము లేదు. ఆ వయస్సు నిండని బాలుర విషయమున 2015 నాటి బాలన్యాయ చట్టము మఱింత ఉదారము. అది సాధారణముగా అనర్హతను తొలగించుటయే గాక, గడువు తీరిన పిమ్మట ఆ రికార్డులను నశింపజేయుమని ఆదేశించుచున్నది.

పెద్దవారికట్లు పలకపై వ్రాతవలె తుడిచివేయు ఏర్పాటు సామాన్యముగా లేదు. అట్లైన దాచవచ్చునా? కూడదు. 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు, ఉద్యోగార్థి యిచ్చు సమాచారము సత్యమై యుండవలెననినది. సత్యము చెప్పినంతమాత్రమున ఉద్యోగ మీయవలెనన్న నిర్బంధము లేదు. కాని పిన్నవయసున చేసిన అల్పదోషమును యజమాని ఉపేక్షింపవచ్చునని కూడ ఆ తీర్పు తెలిపినది.

ఇందొక సూక్ష్మ ధర్మము కలదు. జరిగినది జరుగలేదనుట అసత్యము. జరిగినదానికై తలుపు శాశ్వతముగా మూయుట క్రౌర్యము. తొలగింపవలసినది జ్ఞాపకము కాదు, అనర్హత.

మన శరణులు ఈ ధర్మమును ఎనిమిది శతాబ్దములకు పూర్వమే ఆచరించి చూపిరి. శరణులలో కన్నద మారితందె యను నొకడు కలడు. కన్నములు వేయుట వాని పూర్వవృత్తి. హెండద మారయ్య కల్లమ్మినవాడు. వారి పేళ్ళనుండి ఆ పాతమాటను ఎవరును చెఱుపలేదు. దానిని చూపి శరణుల గోష్ఠినుండి వెలివేయనులేదు. వారి వచనములు నేటికిని ఇతర శరణుల వచనముల సరసనే యున్నవి.

మఱి మనము? పోలీసు కాగితములలో కేసు ముగిసినను, ఊరి అరుగులమీద ముగియనిత్తుమా? పెండ్లి సంబంధము వచ్చినపుడు, పిల్లవాడు కొలువునకు పోవునపుడు, ఆ పొట్లమును మరల మరల విప్పి చూపువారము మనమే కదా! బిడ్డ సత్యము చెప్పవలెనని కోరు పెద్దలు, సత్యము చెప్పినవానిని నిలబెట్టవలసిన బాధ్యతను కూడ వహింపవలెను. లేనిచో ఆ బిడ్డకు అబద్ధమును నేర్పినవారము మనమే యగుదుము.

తలిదండ్రులు కోపమును కొంత అణచుకొని మొదటినాడే వైద్యునివద్దకు కొనిపోవలెను. వ్యసన విముక్తికై 14446 అను జాతీయ ఉచిత ఫోను సహాయము కలదు. మఠములు అట్టి యువకుని ప్రశ్నలతో వేధింపక, దాసోహమున వడ్డించు పని అప్పగింపవలెను. పదిమందికి అన్నము పెట్టు చేయి తన విలువను తాను గుర్తించుకొనును. న్యాయస్థానము తన పరిధిలో అనర్హతను తీసివేయగలదు. మన మనస్సులలోనిదానిని మనమే తీసివేయవలెను.

శరణు శరణార్థి.