కమిషన్ పంచే చిన్నవాడికి

అఫిలియేట్ పద్ధతిలో అమ్మకందారు ప్రతి భాగస్వామికీ ఒక ప్రత్యేకమైన లింకు ఇస్తాడు. ఆ లింకు నొక్కి ఎవరైనా సరుకు కొంటే భాగస్వామికి కమిషన్ ముడుతుంది. అమెజాన్ 1996లో ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. చిక్కంతా లెక్కలోనే ఉంది. వెయ్యిమందిని విసిగించినా ఒక్కరు కొంటే భాగస్వామికి లాభమే. విసిగినవాళ్ల కోపం మాత్రం సరుకు మీదున్న పేరు మీద పడుతుంది.

మన తాతగారి విత్తనాల కొట్టు ఎందుకు మూతపడిందో ఇంట్లో అందరికీ తెలుసు. పల్లెలు తిరిగే కమిషన్ మనిషి లేనిపోని దిగుబడి చెప్పి పత్తి విత్తనాలు అమ్మాడు. పంట పోయిన రైతులు అతని గుమ్మానికి వెళ్లలేదు, కొట్టుకే వచ్చారు. వాళ్ల డబ్బు తిరిగివ్వడానికి పొలం అమ్మాల్సి వచ్చింది, పెద్దమామయ్య చదువు డిగ్రీ మధ్యలోనే ఆగింది. అంతకుముందు దాకా ఆ మనిషి అందరికన్నా ఎక్కువ సరుకు అమ్ముతాడని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నవాళ్లే.

ఆ రైతులు కనీసం ఎదురుగా నిలబడి అడిగారు. ఇప్పుడు తెల్లారితే ఫోన్ నిండా అడగని ఆఫర్లే. విసిగినవాడు నోరు మెదపకుండా నంబరు బ్లాక్ చేస్తాడు, మళ్లీ ఆ పేరు చూడడు. ఎంతమంది అలా పోయారో అమ్మకాల లెక్కలో ఎక్కడా కనబడదు.

చట్టం కూడా భాగస్వామి దగ్గరే ఆగదు. అమెరికాలో 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న క్యాన్-స్పామ్ చట్టం కింద మెయిల్ పంపినవాడితోపాటు ఎవరి సరుకు కోసం పంపాడో ఆ కంపెనీ కూడా బాధ్యత వహించాల్సి రావచ్చు. వద్దన్నవారికి పది పనిదినాల్లోగా పంపడం ఆపాలి. భాగస్వాములు నకిలీ వార్తా పేజీలతో బరువు తగ్గించే సరుకు అమ్ముతుంటే తెలిసీ ఆపని లీడ్‌క్లిక్ అనే సంస్థ 1.19 కోట్ల డాలర్లు కట్టాలన్న తీర్పును 2016లో అప్పీలు కోర్టు సమర్థించింది. భారత్‌లో అడగని వాణిజ్య కాల్స్, ఎస్సెమ్మెస్‌ల మీద 1909కి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక స్పామ్ పంపుతున్నాడని ఫిర్యాదు వచ్చిన భాగస్వామి విషయంలో చేయాల్సిన పని. ఎక్కువ ఆర్డర్లు తెచ్చేవాడైనా సరే, కమిషన్ చెల్లింపు ఈరోజే నిలపాలి. ఫిర్యాదు వచ్చిన మెసేజీని తేదీతో, లింకులోని కోడుతో సహా దాచాలి. గిట్టనివాళ్లు అతని లింకును స్పామ్‌లో పెట్టి ఇరికించే అవకాశమూ ఉంది, కాబట్టి ఖాతా మూసేముందు రాతపూర్వకంగా వివరణ అడగాలి. జవాబు నిలబడకపోతే లింకు పనిచేయకుండా చేయాలి. స్పామ్ చేస్తే కమిషన్ రద్దన్న షరతు ఒప్పందంలో లేకపోతే బాకీ సంగతి లాయరును అడిగి తేల్చాలి, ఆ షరతు వెంటనే చేర్చాలి. సరుకు వాపసు గడువు ముగిశాకే ఎవరికైనా కమిషన్ ఇవ్వాలి. తీసేసినవాడు కొత్త పేరుతో తిరిగి రావచ్చు, అందుకే దరఖాస్తు వచ్చినప్పుడల్లా పాన్, బ్యాంకు ఖాతా పాతవాటితో పోల్చి చూడాలి.