శ్రమ ఎవరిది, హక్కెవరిది?

2023 జూన్ 12న రెడిట్‌లో వేలాది చర్చావేదికలు తలుపులు మూసుకున్నాయి. బయటివారి యాప్‌లు తన సమాచారాన్ని వాడుకుంటే ధర చెల్లించాలన్న సంస్థ నిర్ణయంపై నిరసన అది. ఏడాదికి 2 కోట్ల డాలర్లవుతుందని లెక్కతేలిన అపోలో యాప్ ఆ నెల 30న మూతపడింది.

సైటు సంస్థది, వెలకట్టే హక్కూ దానిదేనంటారు కొందరు. చట్టరీత్యా నిజమే. కాని ఆ వేదికల్లో రాసిందెవరు? జీతం లేకుండా వాటిని కాపాడిందెవరు? ఆ శ్రమే లేకపోతే సంస్థ వద్ద అమ్మడానికేముంది?

తెరవని నిర్వాహకులను తొలగిస్తామని సంస్థ హెచ్చరించింది. చాలా వేదికలు తెరుచుకున్నాయి, ధర తగ్గలేదు. ఓడినంత మాత్రాన ప్రశ్న అబద్ధం కాదు. శ్రమించినవాడికి నిర్ణయంలో పాలు లేనిచోట “సమాజం” అన్న మాట వట్టి అలంకారమేనని నా అభిప్రాయం.