విశ్రాంతి యెవరికి?

వేసవి సెలవులు సమీపింపగానే గృహస్థుల యిండ్లలో నొక ప్రశ్న తలయెత్తును: "ఈ యేడు పిల్లలను ఎక్కడికి తీసికొని పోవుదము?" దీనికి ఊటీ యనియు, అరకు అనియు, తిరుపతి యనియు సమాధానములు దొరకును. కాని యంతకు ముందుగా అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. మనము పోవుట యెవరి విశ్రాంతి కొఱకు? ఈ రెండవ ప్రశ్నను విడిచి మొదటిదానికి బదులు చెప్పుకొనుటచేతనే మన విహారములలో పెక్కులు ఆయాసముతో మొదలై అలుకలతో ముగియుచున్నవని మా యభిప్రాయము.

ముందుగా పదములను పరిశీలింతము. సంస్కృతమున విశ్రమమనగా శ్రమ తొలగుట. ఆంగ్లేయులు సెలవునకు వాడు 'వెకేషన్' అను మాట, ఖాళీగా నుండుట యను నర్థము గల లాటిను ధాతువునుండి పుట్టినది. వారి 'ట్రావెల్' అను మాట, శ్రమను యాతనను తెలుపు 'ట్రవెయిల్' అను మాటకు తోబుట్టువు. 'స్కూలు' అను పదమునకు మూలమైన గ్రీకు పదమునకు తీరిక యని యర్థము. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మాకు ఈ చివరి సంగతి నవ్వును సిగ్గును గూడ కలిగించుచుండును. తీరికనుండి బడి పుట్టినది. మనము బడిలో తీరిక లేకుండ జేసి, పిమ్మట దొరకిన కొద్దిపాటి తీరికను సయితము బడిగా మార్చుచున్నాము.

పరులకు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మే నెలలో రాజమహేంద్రవరమునుండి బయలుదేరి, తిరుమల, శ్రీకాళహస్తి, కాంచీపురము, మహాబలిపురము, చెన్నపట్టణము నాలుగు దినములలో చూచి రావలెనని మేమొక పట్టిక వ్రాసితిమి. బడిలో టైంటేబులు వ్రాయుట మా కప్పగింపబడిన పని గనుక ఆ విద్యలో మాకు కొంత గర్వము కలదు. ఆ పట్టికలో ఆకలికి గాని, నిద్రకు గాని, ఊరక కూర్చుండుటకు గాని గడి లేదు. బయలుదేరుటకు ముందు రాత్రి మా గృహిణి పండ్రెండు దాటువఱకు పులిహోర కలిపి, చపాతీలు కాల్చి, నలుగురి బట్టలు సర్ది, తెల్లవారకమునుపే మరల లేచినది. మేము టిక్కెట్లను ఒకమాఱు సరిచూచుకొని సుఖముగ నిద్రించితిమి.

మూడవనాటి మిట్టమధ్యాహ్నము మహాబలిపురమున ఏకశిలారథముల నడుమ నిలిచి పల్లవుల శిల్పకళను గూర్చి మేము ప్రసంగించుచుండగా, ఏడేండ్ల మా చిన్నది కాలుచున్న ఇసుకపై కాలు మార్చి కాలు పెట్టుచు, "నాన్నగారూ, ఇంకా ఎన్ని ఊళ్ళున్నాయి?" అని అడిగినది. "ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ముఖం మాడ్చుకుంటావేమే!" అని కసరితిమి. ఆ రాత్రియే దానికి జ్వరము తగిలినది. తిరుగుబండిలో దానికి వేఱుగ పడక లేదు. ఐదేండ్లు నిండి పండ్రెండేండ్లు నిండని పిల్లలకు పడక కోరినచో పూర్తి రుసుము, కోరనిచో సగము రుసుము అను నియమము 2016 ఏప్రిలు నుండి నడచుచున్నది. మేము సగము రుసుము మిగుల్చుకొంటిమి. మా గృహిణి తన పడకను బిడ్డకిచ్చి, దాని నుదుట తడిగుడ్డ వేయుచు రాత్రియంతయు కూర్చుండెను.

ఇల్లు చేరిన పిదప మేము వీధిగదిలో నడుము వాల్చితిమి. ఆమె పెరటిలో నాలుగు దినముల మాసిన బట్టలు నానవేయుచుండెను. పొరుగింటావిడ గోడమీదుగా, "ప్రయాణం బాగా జరిగిందా, వదినా?" అని యడిగెను. "మా వారికి బాగానే జరిగిందండీ" అని మా గృహిణి బదులు చెప్పినది. ఆమె ఎగతాళికి ఆ మాట యనలేదు. ఉన్న సంగతి చెప్పినది. అందుచేతనే అది మాకు లోతుగా తగిలినది.

ఇది మా యొక్క యింటి కథ కాదు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నారని తేలినది. ఇంటనున్నప్పటి యీ లెక్క మనము బండి యెక్కినంతమాత్రమున చెరగిపోదు; మూటలతో పాటు అదియు బండి యెక్కును. పనివానికి సెలవు ఉండవలెనని లోకము చాలకాలమునకు ఒప్పుకొన్నది. మన ఫ్యాక్టరీల చట్టము 1948లో జీతముతో కూడిన సెలవును శాసించినది. ఆ యేటి డిసెంబరు 10వ తేదీన వెలువడిన విశ్వమానవ హక్కుల ప్రకటన విశ్రాంతిని ప్రతి మనుష్యుని హక్కుగా చెప్పినది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక ఆటను, విశ్రాంతిని శిశువు హక్కులలో చేర్చినది. 1992లో మన దేశము దాని నంగీకరించినది. యజమానులను దారికి తెచ్చిన యీ ధర్మము గృహయజమానిని మాత్రము విడిచిపెట్టవలెనా?

ఇచట కొన్ని యాక్షేపణలు రాగలవు. "పూర్వులు కాశికి కాలినడకను పోలేదా? కష్టపడనిదే జ్ఞానము వచ్చునా?" యని కొందఱందురు. వారు తమకు తామే సంకల్పము చెప్పుకొని తమ కాళ్లతో నడచిరి. మన సంకల్పమునకు ఏడేండ్ల బిడ్డ కాళ్లను అరువు తెచ్చుకొనుట తపస్సు కానేరదు. "డబ్బు పోసికొని పోయి ఊరక కూర్చుండుటయా?" యని మఱికొందఱందురు. తీరికను కొనుటకే డబ్బు పోసితిమి గదా! "ఈ చిక్కులేల, అమ్మమ్మగారి ఊరికి పంపిన చాలదా?" యనువారును కలరు. మంచిదే, అంతకంటె మధురమైన సెలవు మాకును జ్ఞాపకము లేదు. కాని పదిమంది మనుమలు దిగిన యింట పొయ్యి ముందఱ నిలుచున్న ముసలితల్లికి ఆ నెల యెట్లు గడచినదో మన మెన్నడైన విచారించితిమా?

పిల్లలు కోరినదెల్ల చేయవలెననుట మా మతము కాదు. బిడ్డ కోరిక వేఱు, బిడ్డ మేలు వేఱు. అయినను బిడ్డ అలసట బిడ్డకే తెలియును. ఆ విషయమున దాని మాటయే ప్రమాణము. ఇక కృతజ్ఞత సంగతి. ప్రత్యుపకారము కోరని దానమే సాత్త్వికమని భగవద్గీత చెప్పుచున్నది. ఖర్చును ఎత్తిచూపి బిడ్డనుండి చిఱునవ్వును వసూలుచేయుట అప్పు వసూలు వంటిదే. మేము ఇసుకలో కసరిన ఆ మాటను తలచుకొన్నప్పుడెల్ల మాకీ సంగతి బోధపడుచుండును.

గత దసరా సెలవులకు మేము వేఱు మార్గము త్రొక్కితిమి. ఈ మాఱు పట్టికను మేమొక్కరమే వ్రాయలేదు. నలుగురము చాపమీద కూర్చుండి మాటలాడుకొంటిమి. ఒకే ఊరు, అరకు, మూడు రాత్రులు. రైలు టిక్కెట్లను 2024 నవంబరు 1 నుండి ప్రయాణమునకు 120 దినములకు బదులు 60 దినముల ముందు మాత్రమే యిచ్చుచున్నారు గనుక, ఆ దినమును గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టుకొంటిమి. దినమునకు ఒక్క పనియే, మధ్యాహ్నము పడక. పిల్లలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కోరిక. ఎవరి బట్టలు వారు సర్దుకొనుట. అటుకులు వేయించుట మా వంతు. కొన్ని మాడినవి, ఎవరును ఏమియు ననలేదు. బడి తెఱచుటకు రెండు దినములు ముందుగా ఇల్లు చేరి, బట్టలుతుకుటలో నలుగురము పాలుపంచుకొనుట.

విశాఖపట్టణమున ఉదయము బండి యెక్కితిమి. బైలడిల్ల ఇనుప ఖనిజమును రేవునకు దింపుటకై 1960వ దశకమున వేసిన ఆ దారిలో సొరంగము వచ్చినప్పుడెల్ల పిల్లలు కేకలు వేసి లెక్కపెట్టిరి. ఇద్దఱి లెక్కలును కలియలేదు. బొఱ్ఱా గుహలలో సున్నపురాతి ఊడలనుండి జాఱు నీటిచుక్కను చిన్నది చాలసేపు చూచినది. గిరిజన మ్యూజియము చూడనేలేదు. ఆనాడు వాన పట్టినది. పిల్లలు వరండాలో కాగితపు పడవలు చేసికొనిరి. మా నాలుకపై ఉపన్యాసమొకటి సిద్ధముగ నుండెను; మ్రింగుకొంటిమి. మా గృహిణి ఉదయము ఎనిమిది గంటలవఱకు నిద్రించినది. మా కాపురమున అట్టి ఉదయమును మేము చూచుట అదియే మొదటిసారి.

తిరిగి వచ్చునప్పుడు చిన్నది, "నాన్నగారూ, ఇంకొక్క రోజు ఉందామా?" అని అడిగినది. ఉండలేకపోతిమి. కాని మహాబలిపురమున అదే నోట వచ్చిన ప్రశ్న మాకప్పుడు స్ఫురించినది. చదువరులు ఈ యేటి ప్రయాణమునకు కాగితము తీసికొన్నప్పుడు ఊళ్ల పేరులకు ముందుగా ఇంటివారి పేరులు వ్రాసి, ఒక్కొక్క పేరునకెదురుగ, ఆ దినములలో వారికి తొలగు శ్రమ యేదియో వ్రాయుదురు గాక. ఏ పేరున కెదురుగనైన ఏమియు వ్రాయుటకు లేకున్నచో, ఆ పట్టికను చింపివేసి మరల మొదలుపెట్టుట మేలు.