పేరు పక్కన ఒక గుర్తు

ఇంటర్నెట్ రిలే చాట్ (ఐఆర్‌సీ)లో ఖాళీ చానెల్‌లోకి మొదట అడుగుపెట్టినవాడి పేరు ముందు ఒక చిన్న గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఈమెయిల్ చిరునామా నడుమ కనిపించే అట్ గుర్తే అది. ఎన్నిక లేదు, పరీక్ష లేదు. ముందు వచ్చాడు, అంతే. ఇక ఆ క్షణం నుంచి అతను ఆపరేటర్. ఎవరినైనా బయటికి గెంటొచ్చు, తిరిగి రాకుండా తలుపు వేయొచ్చు, మాట్లాడే వీలు కొందరికే ఇచ్చి తక్కినవాళ్లను వినేవాళ్లుగా కూర్చోబెట్టొచ్చు.

ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్క్కో ఓయ్కరీనెన్ 1988 ఆగస్టులో ఈ చాట్‌ను తయారుచేశాడు. 1993 మేలో డారెన్ రీడ్‌తో కలిసి దాని నియమాలను ఒక పత్రంగా వెలువరించాడు. సర్వర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చెప్పే సాంకేతిక పత్రం అది. అందులో ఒక చోట మాత్రం తత్త్వం తెలిసినవాళ్లు ఆగిపోతారు. మొదటి మనిషి చేరినప్పుడు చానెల్ పుడుతుంది, చివరి మనిషి వెళ్లిపోగానే లేకుండా పోతుంది. పాత బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు మిలింద రాజుకు రథాన్ని చూపించి అడిగిన ప్రశ్న ఇదే. చక్రమా రథం? ఇరుసా? కాడా? ఏదీ కాదు. అన్నీ కూడినప్పుడు ఆ పేరు పెట్టుకుంటాం. చానెల్ కూడా అంతే, మనుషుల కూడిక తప్ప దాని లోపల వేరే వస్తువేదీ లేదు.

మరి ఆ కూడికలోంచి ఒకరిని తీసేసే హక్కు ఎవరిది?

‘వెలి’ అన్న మాట బరువు తెలుగు పల్లెలకు బాగా తెలుసు. నీళ్లకు రానివ్వరు, కూలికి పిలవరు, పలకరించరు. మనిషి ఊళ్లోనే ఉంటాడు, ఊరు మాత్రం అతనికి ఉండదు. తెర మీది చానెల్‌తో దాన్ని సమానం చేయడం అన్యాయం. తిండికీ నీళ్లకూ ముడిపడ్డ శిక్షకు, ఒక కిటికీ మూసుకుపోవడానికి పోలిక లేదు. కానీ గెంటే చేతిలోని ప్రలోభం రెండు చోట్లా ఒకటే. ఇబ్బంది పెట్టే గొంతు పోతే చాలు, నెమ్మది దానంతటదే వస్తుందనే నమ్మకం అది.

ఆపరేటర్ వాడే ఆదేశాలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. వాటిని ఎప్పుడు వాడకూడదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. నిషేధం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. ఐఆర్‌సీలో నిషేధం మనిషి మీద పడదు, ఒక నమూనా మీద పడుతుంది. పేరు, లాగిన్, అతను వచ్చిన కంప్యూటర్ చిరునామా, ఈ మూడూ ఒక వరసలో ఉంటాయి. ఏ భాగం ఏదైనా ఫర్వాలేదు అనుకుంటే అక్కడ నక్షత్రం గుర్తు పెడతారు. పేరు ఒక్కటే రాస్తే ఆ అల్లరివాడు పేరు మార్చుకుని నిమిషంలో తిరిగొస్తాడు. విసుగెత్తిన కొత్త ఆపరేటర్ మొదటి రెండు చోట్లా నక్షత్రాలు పెట్టి చిరునామా ఒక్కటే ఉంచుతాడు. ఆ చిరునామా ఒక హాస్టల్‌దో ఇంటర్నెట్ సెంటర్‌దో అయితే, అక్కడి నుంచి వచ్చే ప్రతి మనిషికీ తలుపు మూసుకుంటుంది. వాళ్లేం చేశారో వాళ్లకు తెలియదు, ఆపరేటర్‌కూ తెలియదు. ఒకడి తప్పుకు ఊరంతటికీ శిక్ష వేయడం ఇంత తేలిక, రెండు నక్షత్రాలు చాలు.

ఇది ఎరిగిన పాతకాపులు కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. రాబ్ లెవిన్ మొదలుపెట్టిన ఫ్రీనోడ్ నెట్‌వర్క్‌లో, అవసరం లేనప్పుడు ఆపరేటర్లు ఆ గుర్తు తీసేసి మామూలు సభ్యుల్లా ఉండాలని చెప్పేవారు. కారణం సూటిగానే ఉంటుంది. గుర్తు కనిపిస్తుంటే కొందరు దాన్ని రెచ్చగొట్టడానికే వస్తారు, మిగతావాళ్లు దాని ముందు నోరు మెదపరు. గెంటడానికి ముందు వాడేందుకు, మనిషిని లోపలే ఉంచి కాసేపు మాట మాత్రం ఆపే మోడ్ కూడా అక్కడ ఉండేది. అతను వింటూ ఉంటాడు. కోపం దిగాక చర్చలో కలవడానికి దారి తెరిచే ఉంటుంది.

ఒకరిని తీసేసే హక్కు ఎవరిదన్న ప్రశ్నను అందరికంటే ఓపికగా ఆలోచించినవాళ్లు బౌద్ధ భిక్షువులు. సంఘం నుంచి ఒకరిని పక్కన పెట్టాలంటే ఏం చేయాలో వాళ్ల నియమాల గ్రంథమైన వినయపిటకం వివరంగా చెబుతుంది. అతను ఎదురుగా ఉండాలి. తప్పేమిటో అతనితో చెప్పాలి, అతని జవాబు వినాలి. ప్రతిపాదన సభ ముందు పెట్టి మూడుసార్లు ప్రకటించాలి. తప్పు దిద్దుకుంటే తిరిగి చేర్చుకునే దారీ అందులోనే ఉంది. ఒక్క చేతితో, ఒక్క క్షణంలో ముగిసే పని కాదు.

అయినా తగవులు వచ్చాయి. కౌశాంబిలో ఒక భిక్షువు శౌచశాల పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చాడన్న చిన్న విషయం దగ్గర గొడవ మొదలైందని వ్యాఖ్యానాలు చెబుతాయి. అతన్ని పక్కన పెట్టారు. అతనేమో తాను చేసింది తప్పే కాదన్నాడు. శిష్యులు, స్నేహితులు రెండు వర్గాలుగా చీలిపోయారు. బుద్ధుడు నచ్చజెప్పినా వినలేదు, ఆయన వాళ్లను వదిలి వెళ్లి పారిలేయ్యక వనంలో ఒంటరిగా గడిపాడు. కౌశాంబి గృహస్థులు ఆ భిక్షువులకు భిక్ష వేయడం మానేశారు. చివరికి ఆ బహిష్కృత భిక్షువే ధర్మాన్నీ వినయాన్నీ తలచుకుని, తనదే తప్పని ఒప్పుకుని వచ్చాడు. సంఘం అతన్ని చేర్చుకుంది. నియమం రాయడం ఒక ఎత్తు, దాన్ని మనసుల మధ్య నిలబెట్టడం ఇంకో ఎత్తు అని ఇంతకంటే బాగా చూపిన కథ దొరకడం కష్టం.

వర్షావాసం చివర భిక్షువులు చేసే ప్రవారణ అనే ఆచారమూ గుర్తు చేసుకోవాలి. ‘నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఉంటే చెప్పండి’ అని ప్రతి ఒక్కరూ సంఘాన్ని అడుగుతారు. పెద్దవాళ్లకూ మినహాయింపు లేదు. ఆపరేటర్‌ను ప్రశ్నించే వేళ ఏ చానెల్‌లోనైనా ఉందా?

ఫ్రీనోడ్ దగ్గర 2021లో జరిగింది ఇలాంటి పరీక్షే. నెట్‌వర్క్ అదుపు ఎవరిదన్న వివాదంతో మే 19న అక్కడి వలంటీర్ సిబ్బంది మూకుమ్మడిగా రాజీనామా చేసి లిబెరా చాట్‌ను మొదలుపెట్టారు. కొద్ది రోజులకే, చానెల్ పైన కనిపించే టాపిక్‌లో లిబెరా పేరు రాసిన వందల చానెళ్లను ఫ్రీనోడ్ కొత్త యాజమాన్యం స్వాధీనం చేసుకుంది. చానెల్ పేరు, దాని మీద అధికారం, రెండూ చేతికొచ్చాయి. కానీ ఉబుంటు, వికీమీడియా లాంటి సముదాయాలు లేచి లిబెరాకు వెళ్లిపోయాయి. 1993 నాటి పత్రంలోని వాక్యం అక్షరాలా కళ్లముందు నిలిచింది. మనుషులు వెళ్లిపోయిన చోట చానెల్ లేదు, పేరు మాత్రమే ఉంది.

చీలిక ప్రతిసారీ ఓటమి అనుకోనక్కర్లేదు. నాగార్జునకొండ శాసనాలు అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే వేర్వేరు బౌద్ధ శాఖలను పేర్కొంటాయి. ఒకే లోయలో, పక్కపక్క విహారాల్లో వాళ్లు బతికారు. ఒక కప్పు కింద ఇమడలేనివాళ్లు పొరుగువాళ్లుగా ఉండగలరు.

ఒకరిని తీసేసే అధికారపు ప్రశ్న ఇప్పుడు వాట్సాప్‌తో ఇంటింటికీ వచ్చింది, అక్కడ ఆపరేటర్ స్థానంలో గ్రూపు అడ్మిన్ ఉంటాడు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకర సందేశానికి, ఆ స్థానంలో ఉన్నంత మాత్రాన అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. చట్టం అక్కడితో ఆగుతుంది. గ్రూపులోంచి ఒక పినతండ్రిని తీసేసిన రాత్రి పడే గుబులు మాత్రం చట్టానికి అందదు.

మంచి ఆపరేటర్లు ఎవరూ చూడని వేళ ఒక పని చేస్తారు. నిషేధాల జాబితా తెరిచి, పాత వరసలు ఒక్కొక్కటీ చదువుతారు. ఎవరు పెట్టారు, ఏ రోజు, ఎందుకు? కొన్నింటికి కారణం ఎవరికీ గుర్తుండదు. ఆ వరసలను తీసేస్తారు. తరువాత తమ పేరు మీద ఆదేశం ఇచ్చి ఆ గుర్తునూ తీసేసుకుని, మామూలు పేరుతో మాటల్లో కలుస్తారు.