నంబరుకి తెలియని సంగతి

నాన్నగారు పోయి ఏడాది దాటింది. హైదరాబాదులోని మా ఇంటి పన్ను రశీదు ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది. "పేరు మార్పించాలక్కా. నువ్వో సంతకం పెడితే నా పేరున వేయిస్తాను. ఒక నంబరు, ఒక పేరు. గొడవుండదు" అన్నాడు తమ్ముడు. వాడిది దురాశ అని నేననను. లెక్క తేలిపోవాలి వాడికి, అంతే.

ఆ ఊళ్లో ఇంటికి నంబరంటే ఒకటి కాదు. గుమ్మం మీద ఉండేది ఒకటి: వార్డు, బ్లాకు, ఇల్లు. అన్నదమ్ములు మధ్యన గోడ కట్టుకున్నప్పుడల్లా దానికో 'బై' తగులుతుంది. మా పక్కిల్లు ఇప్పటికే 'బై ఏ బై రెండు' దాకా వెళ్లింది! రెండోది పన్ను వాళ్లిచ్చే గుర్తింపు సంఖ్య, పిటిఐఎన్. ఇంటాయన మారినా అది మారదు. నంబరు కొడితే చాలు, బకాయితో సహా ఇల్లు తెర మీదికొస్తుంది. ఇవి చాలవన్నట్టు 2021 నుంచి దేశంలో భూమికీ ఆధార్ లాంటిదొకటి ఇస్తున్నారు. స్థలం మూలల అక్షాంశ రేఖాంశాలను బట్టి, అక్షరాలూ అంకెలూ కలిసి 14.

మంచిదే. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మే ఘనులున్న దేశం మనది.

కానీ పన్ను నంబరు చెప్పేది, ఇల్లు ఫలానా చోట ఉంది, పన్ను ఫలానావారి నుంచి రావాలి అని మాత్రమే. రశీదులో పేరున్నంత మాత్రాన హక్కు రాదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో! వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన భాగమంటుంది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. ఈ ముగ్గురిలో మొదటి మనిషిని తమ్ముడు మరిచిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ మరిచిపోయాను. నా వాటా వదులుకుంటే నాది ఉదారమా, తగువు పడలేని పిరికితనమా అని రాత్రంతా దొర్లానే గాని, అమ్మ గుర్తు రాలేదు.

స్లాబు వేసిన ఏడు గాజులమ్మింది ఆవిడ. ఏటా వరసలో నిలబడి పన్ను కట్టొచ్చి, రశీదులు బిస్కెట్ల డబ్బాలో దాచిందీ ఆవిడే.

"అమ్మ పేరున వేయిద్దాంరా. నా సంతకం సంగతి తరవాత" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "అమ్మనే అడుగు" అన్నాడు.

అడిగాను. "నా పేరెందుకే? ఎన్నాళ్లుంటాను? వాడికి కోపం తెప్పించకు" అంది. అంటూనే దరఖాస్తు లాక్కుని, కళ్లజోడైనా పెట్టుకోకుండా, నంబరు గడి నింపేసింది. మనవల ఫోను నంబర్లు గుర్తుండని మనిషి! పేరు గడి మాత్రం వదిలేసి, కలం నా చేతికిచ్చింది.