ప్లస్ ఒకటి

2023 వేసవిలో అమ్మ ఫోన్ చేసి, "జీలకర్ర మరీ బంగారమైపోయిందిరా, చారు పోపులోకి కూడా లెక్కపెట్టి వెయ్యాల్సొస్తోంది" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ధర పెరుగుతోందని నాకు అప్పటికే తెలుసు. నాకంటే ముందు నేను రాసిన ప్రోగ్రాముకి తెలుసు.

అప్పట్లో నేను పనిచేసే కంపెనీకి మసాలా దినుసుల వ్యాపారం చేసే క్లయింటు ఒకరుండేవారు. వార్తలు చదివి ఒక్కోదానికి మార్కు వేసే ప్రోగ్రాము కావాలన్నారు. జీలకర్ర ధర పెంచే వార్తయితే ప్లస్ ఒకటి, తగ్గించేదయితే మైనస్ ఒకటి, సంబంధం లేకపోతే సున్నా. యంత్రానికి నేర్పాలంటే ముందు కొన్ని వందల వార్తలకి మనుషులే మార్కులు వెయ్యాలి కదా, ఆ పని నాకు పడింది. ఆ కాలమ్ పేరు 'సెంటిమెంట్'. ప్లస్ వేస్తే గడి ఆకుపచ్చగా మారుతుంది.

గుజరాత్‌లో సాగు పెరిగింది: మైనస్. కోతల వేళ రాజస్థాన్‌లో అకాల వర్షం: ప్లస్. అలెప్పో చుట్టుపక్కల మళ్ళీ కాల్పులు: ప్లస్. అలా వేసుకుంటూ పోతుంటే 2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపం వార్త వచ్చింది. దక్షిణ టర్కీలో, ఉత్తర సిరియాలో కలిపి యాభై వేలమందికి పైగా చనిపోయిన భూకంపం. ప్లస్ ఒకటి వేసి టీ తాగడానికి వెళ్ళాను. ఏం చేశానో టీ సగం తాగాక గానీ తట్టలేదు.

లెక్క ప్రకారం నా మార్కు తప్పేం కాదు. మన పెళ్ళిళ్ళలో వధూవరుల తలమీద పెట్టే జీలకర్ర మన దగ్గర పండదు. దేశంలో పండేదంతా దాదాపు గుజరాత్, రాజస్థాన్‌లదే. దానికి పెద్ద మార్కెట్ గుజరాత్‌లోని ఊంఝా. ప్రపంచంలో పండే జీలకర్రలో సగానికి పైగా మన దేశానిదే. మిగతాది ప్రధానంగా సిరియా, టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ లాంటి చోట్ల పండుతుంది. మన పంట ఫిబ్రవరి, మార్చిల్లో కోతకొస్తే సిరియా, టర్కీల పంట వేసవిలో వస్తుంది. అక్కడ ఏదైనా దెబ్బ తగిలితే అటు వెళ్ళాల్సిన కొనుగోలుదారు ఊంఝా వైపు తిరుగుతాడు. 2011లో సిరియాలో యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఇది చాలాసార్లు జరిగింది. మార్కెట్ నివేదికలు దీన్ని మనకి 'కలిసొచ్చిన' పరిణామంగానే రాస్తాయి.

ఆ ఏడాది ధర పెరగడానికి కారణం భూకంపం అనడం లేదు. అంతకుముందు సాగు తగ్గింది, నిల్వలు పల్చబడ్డాయి, మార్చి వానలు పంటను తడిపాయి, చైనా గట్టిగా కొంది. 2022 జనవరిలో క్వింటాల్ ఇరవై వేల లోపున్న ఫ్యూచర్స్ ధర 2023 జూలై నాటికి 60,000 దాటింది. ఆ ధర చూసి రైతులు విరివిగా వేశారు, తర్వాతి పంటకల్లా సగం కంటే కిందికి పడిపోయింది. కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న కారణాల గురించి కాదు. ఎక్కడో ఇల్లు కూలితే ఇక్కడ గడి ఆకుపచ్చగా మారడంలో తప్పుందా?

ఇది పాత ప్రశ్నే. ఏథెన్స్‌లో అంత్యక్రియల సామాను అమ్ముకునే ఒకతన్ని డెమాడీస్ అనే వక్త తప్పుపట్టాడట, జనం చస్తే తప్ప నీకు లాభం లేదని. సెనెకా దీన్ని ఒప్పుకోలేదు. అతను చావులే కోరుకున్నాడని ఎలా చెప్తావు, తక్కువకి కొని ఎక్కువకి అమ్మాలని మాత్రమే అనుకుని ఉండొచ్చు కదా అన్నాడు. పైగా ఆ లెక్కన గింజలు ప్రియమైతే బాగుపడే రైతునీ, యుద్ధంతో పైకొచ్చే సైనికుణ్ణీ కూడా శిక్షించాలి. దాదాపు పదిహేను వందల ఏళ్ళ తర్వాత మాంటేన్ ఇదే కథ ఎత్తుకుని, ఒకరి లాభం ఇంకొకరి నష్టం కావడం ప్రకృతి తీరేనన్నాడు.

సెనెకా మాట నాకు ఊరటనిచ్చింది. మెహసానా జిల్లా రైతు ఎవరి చావూ కోరుకోలేదు. వాన కోసమో, వాన రాకూడదనో మొక్కుకుని ఉంటాడు, అంతే. మన దగ్గర వడగళ్ళు పడితే అలెప్పో రైతుకీ నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి, దానికి అతన్నీ ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే వడగళ్ళూ యుద్ధమూ ఒకే తూకానివి కావు. ఒకసారి పంట పోయినవాడు మళ్ళీ విత్తుకుంటాడు. ఊరే పోయినవాడు ఎక్కడ విత్తుకుంటాడు?

అయినా లాభపడటం నేరం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. నాకు ఇబ్బందిగా ఉన్నది ఆ కాలమ్ పేరు. సెంటిమెంట్ అంటే మనసులో కలిగేది కదా. ఆ భూకంపం గురించి ఎవరి మనసులోనూ ప్లస్ ఒకటి లేదు, క్లయింటు మనసులో కూడా లేదనే నా నమ్మకం. లేని సంతోషాన్ని మేం గడిలో రాసి, దానికి రంగు కూడా వేశాం. రోజుకి రెండొందల వార్తలు అలా చూస్తుంటే, కొన్నాళ్ళకి ఆ సంతోషం నిజంగానే వచ్చేస్తుందేమోనని భయమేసింది. టీకి లేచినప్పుడు నాకు కొంత వచ్చేసినట్టే ఉంది.

మా లీడ్‌ని అడిగాను, ఆ కాలమ్‌ని రెండుగా విడగొడదామని. ఒకటి 'ధర దిశ', రెండోది 'ఏం జరిగింది'. రంగులు తీసేద్దామని.

"అవుట్‌పుట్ ఏమైనా మారుతుందా?"

"మారదన్నా."

"మరెందుకు?"

అక్కడ సెనెకా గురించి మాట్లాడితే బాగోదు. "పేరు తప్పుగా ఉందన్నా" అన్నాను. పేరు తప్పుగా పెట్టిన వేరియబుల్ తర్వాత చదివేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. ఆయన భుజాలెగరేసి సరే అన్నాడు.

దీనివల్ల సిరియాలో ఎవరికీ ఒరిగిందేం లేదు. నా మనసు కడుక్కోవడానికే చేశావని ఎవరైనా అంటే గట్టిగా కాదనలేను. ఆ వరసలో ఇప్పటికీ ప్లస్ ఒకటే ఉంది, మారిస్తే అబద్ధం అవుతుంది కాబట్టి ఉంచాను. పక్క గడిలో మాత్రం ఊళ్ళ పేర్లూ, తేదీ, పోయినవాళ్ళ సంఖ్యా ఉన్నాయి. ధర చూడాలంటే ముందు ఆ గడి దాటాలి.